ఈ వారం సమస్య: "శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె"

నిర్వాహకుడు: దసరాకు ఊరెళ్ళి జమ్మి కొట్టి వచ్చాను. ఆకులు తెంపి పెద్దవాళ్ళ చేతుల్లో బంగారమని పెట్టి కాళ్ళకు దండం పెడుతుంటే మా మనవరాలు అడిగింది: "తాతా, ఈ చెట్టుకే కదా పాండవులు శవాన్ని కట్టింది? మరి మనం మొక్కుతున్నామేం?" ఇంటికి వచ్చేలోపు ఆ ప్రశ్నే పాదమై కూర్చుంది. ఇది చివరి పాదం; ముందు మూడు పాదాలు మీరు కట్టి పద్యం పూరించండి.

ఏరువాక: మొదటి పూరణ నాదే కావాలని బస్సులోనే రాశాను.

ఆయుధమ్ముల మూటను నచటఁ గట్టి
తల్లి శవమని గొల్లలఁ దలఁగఁ జేసి
పాండుపుత్రులు పురిఁ జొచ్చు పట్టునందు
శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె

గోదారిగట్టు: తమ్ముడూ, నడక బాగుంది. రెండో పాదం చాలా బాగుంది. కానీ పాండుపుత్రులు ఐదుగురు. మ్రొక్కిరి కావాలి, పాదంలో ఉన్నది మ్రొక్కె. సమస్యను కదల్చలేం కనుక కర్తనే మార్చుకోవాలి. "ధర్మతనయుఁడు పురిఁ జొచ్చు తరుణమందు" అంటే వచనం కుదురుతుంది, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన మైత్రి) నిలుస్తుంది.

ఏరువాక: నమస్కారం గురువుగారూ. దిద్దుకుంటాను.

వేపపూత: గోదారిగట్టు గారి సవరణ వ్యాకరణానికి సరే. కథకు? చెట్టెక్కి ఆయుధాలు కట్టింది నకులుడు. ధర్మరాజు సాగిలపడినట్టు ఎక్కడుంది? ఇంకొకటి. ఆయుధాల మూటే శవంలా కనిపించిందని చిన్నప్పటి నుంచి విన్నాం గానీ, వ్యాసుడి మూలంలో నిజం శవాన్నే తెచ్చి కట్టారు. దారిన పోయే గొల్లలతో "ఇది మా అమ్మ, నూట ఎనభై ఏళ్ళది, ఇలా కట్టడం మా కులాచారం" అని చెప్పారు. ఏరువాక తమ్ముడు తల్లి శవమనడం అందుకే నాకు నచ్చింది. మూట మాత్రం వేరు, శవం వేరు.

గోదారిగట్టు: అమ్మా, మూలం సంగతి వచ్చింది కనుక నా పూరణ ఇదిగో.

అడుగు వేయక యుత్తరుం డదరి నిలువ
జమ్మి చుట్టును వలగొని జయముఁ గోరి
పార్థుఁ డాయుధములఁ దీయు పనికి ముందు
శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె

ఉత్తరుడు ఆ చెట్టెక్కడానికి జంకాడు. శవం కట్టారని విన్నాను, రాజపుత్రుణ్ణి, ఎలా ముట్టుకోను అన్నాడు. అర్జునుడు "శమీం కృత్వా ప్రదక్షిణమ్" అని విరాటపర్వంలోనే ఉంది. చెట్టుకు వలగొన్నవాడు మొక్కకుండా పోతాడా? దసరానాడు మనం చదివే శ్లోకంలోనూ ఆ చెట్టు "అర్జునస్య ధనుర్ధారీ". విల్లును ఒళ్ళో దాచుకున్న తల్లి అది.

కృష్ణాతీరం: ఆహా! "జమ్మి చుట్టును వలగొని" దగ్గర ఆగిపోయాను. ప్రదక్షిణకు వలగొను అన్న మాట వాడేవాళ్ళు ఇప్పుడెంతమంది?

వేపపూత: వలగొని అన్నది అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆయుధాలు తీసి, కట్టుకుని, బయలుదేరేటప్పుడు కదా ప్రదక్షిణ? మీరు "తీయు పనికి ముందు" అన్నారు. మూలం చూపించి మూలాన్నే తలకిందులు చేశారు.

గోదారిగట్టు: ఒక్క మాట వెనకాముందైంది, నిజమే. పోయిన సమస్యలో మీరు తాళికి తాటిచెట్టు అర్థం లాగినప్పుడు నేను ఇంత పట్టు పట్టలేదు.

నిర్వాహకుడు: కొత్తగా వచ్చినవారి కోసం: పోయిన పాదం "చెట్టు మెడలోన కట్టెను చెట్టు తాళి". అందరూ రచ్చబండ మీది రావికీ వేపకూ పెళ్ళి చేస్తే, వేపపూత గారు తాటిచెట్టు మొవ్వులో పక్షి వేసిన గింజ మర్రిగా మొలిచి, వేళ్ళతో తాటిని చుట్టేసిన దృశ్యం పట్టుకొచ్చారు.

వేపపూత: తాళి అంటే తాటిజాతి చెట్టని సంస్కృత నిఘంటువుల్లో ఉంది. లాగింది కాదు. మీ "రావి వరుఁడయ్యె వేపమ్మ రమణి యయ్యె" కూడా బాగుంది, కానీ అది ప్రతి ఊళ్ళో జరిగే పెళ్ళి. మర్రి తాటిని కౌగిలించుకుని చంపే పెళ్ళి మా పొలం గట్టున నేను పదేళ్ళు చూసింది. ఈ వారానికి నాది ఇది.

జమ్మి మ్రానునుఁ గొట్టఁగా జనని యొకతె
తల నొసఁగి కౌఁగిలించిన తరువునందు
నామె చేతులు వీడమి నరసి బిడ్డ
శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె

1730, జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ. రాజుగారి కోటకు సున్నం కాల్చాలి, కట్టెలు కావాలి. మనుషులు గొడ్డళ్ళతో వచ్చారు. అమృతాదేవి చెట్టును వాటేసుకుంది, తల పోయింది. ఆమె ముగ్గురు కూతుళ్ళూ అలాగే చెట్లను వాటేసుకుని పోయారు. ఊళ్ళ వెంట వచ్చిన బిష్ణోయిలు మొత్తం 363 మంది. వాళ్ళు ఖేజ్రీ అనే ఆ చెట్టే మన జమ్మి. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్రవృక్షం అదే.

కృష్ణాతీరం: వేలాడడం అంటే ఉరి, మూట ఇవే తట్టాయి నాకు. పట్టు వదలని చేతులకు వేలాడే శరీరం తట్టలేదు. "వీడమి" అన్న ఒక్క మాట మీద పద్యమంతా నిలబడింది.

గోదారిగట్టు: బిడ్డ మొక్కిన తరువాత ఏం చేసిందో పద్యంలో లేదు, చరిత్రలో ఉంది. దీనికి నా దగ్గర వంక లేదమ్మా.

కృష్ణాతీరం: నేనూ ఒకటి.

విక్రమార్కుఁడు మాటకై విసువు లేక
మాటిమాటికిఁ గాటికి మరలి వచ్చి
యిరుగుడున నున్న బేతాళు నెత్తఁబోయి
శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె

గోదారిగట్టు: "మాటిమాటికిఁ గాటికి" చెవికి ఇంపు. కానీ శవాన్ని భుజాన వేసుకోవడానికి వచ్చిన రాజు చెట్టుకెందుకు మొక్కాడు? మిగతా మూడు పాదాల్లో కారణం లేదు. పాదం కోరింది కనుక మొక్కాడు.

వేపపూత: కారణం ఇవ్వొచ్చు. సంస్కృత కథల్లో బేతాళుడు వేలాడింది శింశుపకు. సుందరకాండలో సీతమ్మ కూర్చున్నదీ, హనుమంతుడు ఆకుల్లో దాగి చూసిందీ శింశుపే. మీరు ఇరుగుడు అని తెలుగు పేరు పెట్టి ఆ తీగ తెంపేశారు. శింశుప అని ఉంటే రాజు చేతులు వాటంతటవే జోడించేవి.

నిర్మల్‌కొయ్య: నేను ఇక్కడ చదువుడే గాని రాసింది తక్కువ. ఈ పాదం చూసినంక ఊకోబుద్ధి కాలేదు. మా నిర్మల్‌ల వెయ్యి ఉరుల మర్రి ఉండె. 1860ల, తమ మీద తిరగబడ్డ రాంజీ గోండునూ, ఆయనతోటి వెయ్యి మందినీ తెల్లోళ్ళు ఆ మర్రికే ఉరి తీసిండ్రు. ఆ చెట్టు ఇప్పుడు లేదు, కూలిపోయింది. మా తాత ఆ దిక్కు పోయినప్పుడల్లా చెప్పులిడిచి నిలబడేటోడు.

వేయి యురులను మోసిన వెతల మర్రి
నీడలో రాంజి పేరును నెమ్మిఁ దలఁచి
కంట నీరూర గోండుల కన్నబిడ్డ
శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె

ఏరువాక: అన్నా, మొదటి పాదానికే గొంతు పట్టేసింది.

గోదారిగట్టు: "వేయి యురులను మోసిన వెతల మర్రి". చెట్టే ఆ బరువు మోసిందనడం గొప్ప ఊహ. రెండు మాటలు చెప్పాలి, నొచ్చుకోకండి. రాంజీ పేరు చివరి దీర్ఘం కోసేశారు. ప్రాణమిచ్చిన మనిషి పేరును ఛందస్సు కోసం కురచ చేయకూడదని నా పట్టింపు.

నిర్మల్‌కొయ్య: నాకూ మనసొప్పలేదు సార్. దీర్ఘం ఉంచితే ఈ పద్యంల చెల్లని మగణం (మూడూ గురువులే) పడుతుంది, ఏం చెయ్యాలె?

గోదారిగట్టు: "లో" తీసేయండి. "నీడ రాంజీని మనసున నిలుపుకొనుచు". పేరు నిండుగా ఉంటుంది, ఇక్కడ చెల్లే తగణం పడుతుంది, యతీ సరే. ఇక రెండో మాట: వేయి ఉరులన్నారు, సమస్యలో శవము ఏకవచనం. తక్కిన తొమ్మిది వందల తొంభైతొమ్మిది ఏమయ్యాయి?

వేపపూత: ఆ ఏకవచనమే ఈ పద్యానికి ప్రాణం గోదారిగట్టు గారూ. వెయ్యి మంది వేలాడుతున్నా వచ్చిన బిడ్డ కళ్ళు వెతికేది ఒక్కరినే. నిర్మల్‌కొయ్య గారూ, మీరు ఒప్పుకుంటే మూడో పాదం ఇలా చూడండి: "కన్నతండ్రిని గుర్తించి కన్నబిడ్డ". కంట నీరు చెప్పనక్కరలేదు.

నిర్మల్‌కొయ్య: అక్కా... ఇద్దరి సవరణలూ తీసుకుంటున్న.

వేయి యురులను మోసిన వెతల మర్రి
నీడ రాంజీని మనసున నిలుపుకొనుచుఁ
గన్నతండ్రిని గుర్తించి కన్నబిడ్డ
శవము వ్రేలాడు చెట్టుకు సాగి మ్రొక్కె

గోదారిగట్టు: నిలుపుకొనుచుఁ గన్నతండ్రిని. సంధి కూడా మీరే చూసుకున్నారు. నా లెక్క తప్పింది వేపపూత గారూ. ఒక్క శవమే ఉండాలి.

పాలమూరోడు: పద్యం నాకు రాదు, ఒక ముచ్చట చెప్తా. మా పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు, 2018ల, సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడగట్టి మందు నీళ్ళు చుక్కచుక్కగ ఎక్కించిండ్రు. దవాఖానల మా నాయన మంచం పక్కన కూసున్నట్టే అనిపించింది నాకు, ఆ చెట్టు కింద.

ఏరువాక: మా ఇంట్లో గేదె ఈనితే మా నాయనమ్మ మావిని గోనెలో చుట్టించి మర్రికొమ్మకు కట్టించేది. పాలు కారే చెట్టుకు కడితే గేదెకు పాలు పడతాయని. ఊరవతల ఆ కొమ్మకు ఎన్ని మూటలు వేలాడేవో. కింద నుంచి పోతూ ఆవిడ చెట్టుకు చెయ్యెత్తి మొక్కేది. దాన్ని పద్యం చేద్దామంటే "శవము" అడ్డొస్తోంది.

వేపపూత: అడ్డురాదు తమ్ముడూ. తెలియనివాడు దూరం నుంచి చూసి శవమనుకున్నాడని ఎత్తుకో. దగ్గరకు వెళ్తే అది పుట్టుక. పాండవుల కథకు సరిగ్గా ఎదురు.

ఏరువాక: ఈ రాత్రి కూర్చుంటాను.

నిర్వాహకుడు: ఏరువాక పూరణ వచ్చేదాకా ఈ సమస్య తెరిచే ఉంచుతాను. నిర్మల్‌కొయ్య గారి పద్యం మా మనవరాలికి చదివి వినిపించాను. రాంజీ ఎవరని అడిగింది, చెప్పాను. ఈలోగా వచ్చే వారం పాదం కూడా ఇచ్చేస్తున్నాను: "కొమ్మ నరికిన చేతికే కొమ్మ పూసె".