లెబ్రాన్ మాదిరి చేయంతా టాటూ: ఆటకు చేటా, కాదా?

బోర్డుకొట్టు, తిరుపతి
మా బాస్కెట్‌బాల్ క్లబ్బులో అబ్బోడొకడు అమెరికా లీగు ఎన్‌బీఏ చూసీ చూసీ, అక్కడి స్టార్ లెబ్రాన్ జేమ్స్ మాదిరి భుజం నుంచి మణికట్టు దాకా టాటూ వేయించుకుంటానని పట్టుబట్టినాడు. వయసు 19, పాయింట్ గార్డు, అంటే బంతి నడిపించేటోడు. ఏప్రిల్‌లో వేయించుకుంటే మే నెల టోర్నీకి ఇబ్బంది ఉంటుందా? ఆట వరకే చెప్పండి. సంస్కృతి గొడవ వద్దు.

మెసానికల్ గ్రౌండ్, చిత్తూరు
వద్దని చెప్పండి. కారణం చెమట. 2017లో అమెరికాలో పదిమంది మగవాళ్ల మీద పరీక్ష చేసినారు. పచ్చబొట్టు ఉండే చోట, అదే మనిషికి అవతలి పక్క బొమ్మ లేని చోట, రెండూ కొలిచినారు. బొమ్మ ఉండే చోట చెమట సుమారు సగమే పట్టింది, పట్టిన దాంట్లో ఉప్పు ఎక్కువ. మే నెల ఎండలో సిమెంటు కోర్టు మీద చెమట సగమైతే ఏమవుతుందో మీరే చూసుకోండి.

సూదీ సిరా, తిరుపతి
అన్నా, ఆ పరీక్షలో ఎవరూ పరుగెత్తలేదు. పైలోకార్పిన్ అనే మందును సన్నటి కరెంటుతో చర్మంలోకి ఎక్కించి చెమట తెప్పించినారు. 2019లో వేరేవాళ్లు నిజంగా కసరత్తు చేయించి కొలిస్తే తేడా కనబడలేదు.

మెసానికల్ గ్రౌండ్, చిత్తూరు
2020ది ఎందుకు మింగేసినారు? వేడినీళ్లు పారే గొట్టాల సూటు తొడిగి ఒళ్లు వేడెక్కించి చూస్తే పచ్చబొట్టు కింద చెమట మళ్లీ తగ్గింది. మన ఎండకు దగ్గరగా ఉండేది ఆ పరీక్షే.

సూదీ సిరా, తిరుపతి
మింగలేదు. తగ్గింది బొమ్మ ఉండే ఆ చర్మం ముక్కలో మాత్రమే. ఒక చేయి మొత్తం కలిపినా ఒంటి చర్మంలో వందకు తొమ్మిది పాళ్లు. మిగతా తొంభై ఒకటి పనిచేస్తానే ఉంటుంది కదా. రెండు చేతులూ నింపుకున్నోళ్లు 82 మ్యాచ్‌ల సీజన్ ఆడతాండారు ఎన్‌బీఏలో.

మెసానికల్ గ్రౌండ్, చిత్తూరు
ఏసీ హాల్లో.

గంగమ్మ గుడి వీధి
మన తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. అదీ మే ఎండలోనే. ఎవరికి చెమట ఆగిందప్పా?

బోర్డుకొట్టు, తిరుపతి
సామీ, అది నీళ్లు పోసుకుంటే పోతుంది. ఇది పోదు. ఇంతకీ ఏప్రిల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సూదీ సిరా, తిరుపతి
చెప్తా. అసలు చిక్కు చెమటలో లేదు, తేదీల్లో ఉంది. భుజం నుంచి మణికట్టు దాకా ఒక్క పూటలో అయ్యే పని కాదు. మూడు నాలుగు గంటల సిట్టింగులు నాలుగైదు పడతాయి. పక్కపక్క చోట్ల వేసేటప్పుడు సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య కనీసం మూడు వారాలు ఆగాలి. ఏప్రిల్‌లో మొదలుపెడితే టోర్నీ నాటికి సగం చేయి కూడా మానదు.

సూది రంగును దింపేది పై చర్మం కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు. మొదటి రెండు మూడు రోజులు రసి కారుతుంది. నాలుగైదు రోజులకు పొక్కు కట్టి పొరలు పొరలుగా రాలుతుంది. పైన మానేదానికి రెండు మూడు వారాలు, లోపల గట్టిపడేదానికి నెల దాటుతుంది. ఆ పొక్కు ఉండంగా డిఫెండర్ ముంజేతి మీద ఒక్కటి చరిస్తే పొక్కుతో పాటు రంగూ ఊడొస్తుంది. ఆ చోట బట్టతల మాదిరి తెల్లగా మిగులుతుంది, మళ్లీ పొడవాల్సిందే. పైన బిగుతు స్లీవ్ వేసుకుంటే కాపాడుతుందనుకుంటారు. కాపాడదు. రసికి అతుక్కుని, విప్పేటప్పుడు చర్మంతో సహా వస్తుంది. ఇంక బంతి: పదిమంది చేతులు, కోర్టు దుమ్ము, అంతా పచ్చి పుండు మీదికే. చీము పట్టేది అట్లనే.

ఎన్‌బీఏ వాళ్లకు సీజన్ అక్టోబరులో మొదలై ఫైనల్స్ జూన్‌లో అయిపోతాయి, జులై ఆగస్టుల్లో తీరుబడి. మనోడు కూడా టోర్నీ అయినాకే కూర్చోవాలి. మోచేయి చిప్ప మీద మాత్రం వద్దు. మడతపడే చోట రంగు నిలవదు, పైగా గార్డు కింద పడేది దాని మీదే. మన రంగు చర్మానికి నల్లగీతే నిలుస్తుంది, పసుపూ తెలుపూ నాలుగేండ్లకు కనబడవు. ఇంకొకటి, భుజం మీద బీసీజీ టీకా మచ్చ గడ్డలాగా ఉబ్బి ఉంటే మొత్తానికే మానుకోమనండి. అట్లాంటి చర్మం పచ్చబొట్టు గీతలను కూడా గడ్డలు కట్టిస్తుంది.

మూడు సెకన్లు
రక్తదానం చేసే అలవాటుంటే ఏడాది బంద్. ఇదీ చెప్పండి వాడికి.

మెసానికల్ గ్రౌండ్, చిత్తూరు
సూదీ సిరా గారు అంగడి బాగానే నడుపుకుంటాండారు. అయినా చేయంతా బొమ్మలేసుకుని రౌడీ మాదిరి వస్తే సెలక్షన్‌లో ఎవరు చూస్తారు?

పిక్ అండ్ రోల్, తిరుపతి
ఇదిగో, వచ్చింది అసలు మాట. ఎన్‌బీఏ ఆటగాడు అలెన్ ఐవర్సన్‌ను కూడా ఇట్లనే అన్నారు. 1996 డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మొదటి పిక్ ఆయన. లీగు సొంత పత్రిక ‘హూప్’ ముఖచిత్రం మీద ఆయన ఫొటో వేసి, ఒంటి మీది పచ్చబొట్లు చెరిపేసింది! ఆయన ఊరుకోలేదు, గట్టిగా అడిగినాడు. 2005లో డ్రెస్ కోడ్ పెట్టి గొలుసులు తీయించినారే గానీ పచ్చబొట్ల జోలికి పోలేదు. మీ ఊర్లో ముసలివ్వల ముంజేతుల మీద పచ్చబొట్లు లేవా అన్నా? వాళ్లూ రౌడీలేనా?

మూడు సెకన్లు
ఎన్‌బీఏ ఒప్పుకోనిది కంపెనీ గుర్తులను. 2018లో జే.ఆర్. స్మిత్ అనే ఆటగాడు కాలి మీద ‘సుప్రీమ్’ అని బట్టల కంపెనీ పేరు పొడిపించుకుంటే, కప్పకపోతే మ్యాచ్‌కింత జరిమానా అన్నారు.

మెసానికల్ గ్రౌండ్, చిత్తూరు
అవ్వల దాకా పోవద్దు. రౌడీ అన్నమాట తప్పే, వెనక్కి తీసుకుంటా. కానీ లెబ్రాన్‌కు చేతినిండా బొమ్మలున్నా కోట్లు వస్తాయి. మనోడికి బాస్కెట్‌బాల్ తెచ్చిపెట్టేది మహా అయితే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ మెడికల్‌లో పచ్చబొట్టుకు రూలుంది: దేవుడి గుర్తో పేరో అయ్యుండాలి, ముంజేతి లోపలి పక్క, అదీ సెల్యూట్ కొట్టని ఎడమ చేతికి, లేదంటే అరచేతి వెనక. ఆ భాగంలో నాలుగో వంతుకు లోపే. భుజం నుంచి మణికట్టు దాకా అంటే ఎత్తూ ఛాతీ కొలిచేది కూడా దండగే.

సూదీ సిరా, తిరుపతి
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే చెమట గొడవ తప్పేది కదన్నా. లేజరుతో తీయించుకోవచ్చులే అనుకునేరు. నెలల తరబడి ఎన్నో సిట్టింగులు, పొడిపించిన దానికి ఎన్నో రెట్లు ఖర్చు, అయినా నీడ మిగలొచ్చు.

పిక్ అండ్ రోల్, తిరుపతి
రూలు ఉందని ఒప్పుకుంటా. రూలు సరైందని ఒప్పుకోను. తుపాకీ పట్టేదానికీ కుడి చేతి బొమ్మకూ ఏం సంబంధం?

మెసానికల్ గ్రౌండ్, చిత్తూరు
అది డాక్టరును అడుగు పో.

బోర్డుకొట్టు, తిరుపతి
అబ్బోడికి అంతా చదివి వినిపించినా. శంఖచక్రాలు చాలంటాండాడు, ఎడమ ముంజేతికి, లోపలి పక్క, టోర్నీ అయినాక. నాలుగో వంతు అంటే పొడవులోనా, చుట్టుకొలతలోనా?

సూదీ సిరా, తిరుపతి
రెండిట్లోనూ తక్కువే ఉండేటట్టు గీస్తా. వచ్చేటప్పుడు టైలరు టేపు తెమ్మనండి.