ఆర్.ఈ.ఎం. సంకలనాల్లో తమ్ముడికి ఏది కొనాలి?

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో, జయనగర్‌లో ఉంటాము. మా తమ్ముడికి అమెరికా రాక్ బృందం ఆర్.ఈ.ఎం. అంటే ప్రాణం. కానీ వాడి దగ్గర 2003లో వచ్చిన ‘ఇన్ టైమ్’ సీడీ ఒక్కటే ఉంది. పెట్టె మూత విరిగితే రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నాడు. ఒక్కో పాట గురించి గిటారు కళాకారుడు పీటర్ బక్ రాసిన చిన్న పుస్తకం మడతల దగ్గర చిరిగిపోయింది.

అందులో ఉన్నవి 1988 నుంచి వచ్చిన పాటలే. అంతకుముందు బృందం ఐ.ఆర్.ఎస్. అనే రికార్డు సంస్థలో ఉండేది, తర్వాత వార్నర్‌కు మారింది. అందుకే తొలినాళ్ల పాటలు వేరే సంకలనాల్లో ఉండిపోయాయి. 1988లో ‘ఎపోనిమస్’, 2006లో ‘అండ్ ఐ ఫీల్ ఫైన్’ వచ్చాయి. 2011 సెప్టెంబరులో బృందం విడిపోయాక, నవంబరులో వచ్చిన రెండు డిస్కుల సంకలనంలో మాత్రం రెండు కాలాలూ కలిశాయి. మొత్తం 40 పాటలు, చివర మూడు కొత్తవి.

అన్నీ ఉన్నాయి కాబట్టి ఆ పెద్దదే కొనమని స్నేహితులు అంటున్నారు. నాకు మాత్రం 2006 నాటిదే ఇవ్వాలని ఉంది. గాయకుడి మాటలు సగం అర్థం కాకుండానే గుండెకు తగిలే ఆ తొలి పాటలను వాడు వరుసగా వినాలి.

రెండూ విన్నవారు ఏది మంచిదో చెప్పగలరా? చర్చ్ స్ట్రీట్ చుట్టుపక్కల పాత సీడీలు అమ్మే దుకాణం తెలిస్తే దయచేసి చెప్పండి. వాడి పుట్టినరోజు వచ్చే నెలలోనే.