పాత లేలాండ్ బోటు ఇంజిన్‌కి కూలర్ ట్యూబ్ బండిల్ ఎక్కడా దొరకట్లేదు

జాలారిపేట బోటు:

మాది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సోనా రకం మర బోటు. ఇంజిన్ అశోక్ లేలాండ్ ఏఎల్ఎం 400, ఆరు సిలిండర్లది. నాన్న ఇరవై రెండేళ్లుగా దీంతోనే వేటకి వెళ్తున్నారు. చప్పుడు విని ఏ సిలిండర్ బాగోలేదో చెప్పేస్తారు. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఈలోగా పని పూర్తవ్వాలి.

ఆఖరి ట్రిప్పులో హెడర్ ట్యాంకు (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు పోసే ట్యాంకు) మూత దగ్గర నీళ్లు పొంగాయి. లీకైతే తగ్గాలి గానీ పెరగడమేంటని వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. మేం అందులో ఉత్త మంచినీళ్లే పోస్తాం. ఉప్పగా తగిలింది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ తెల్లబడలేదు, అందులో నీళ్లు కలవలేదు. కూలర్‌లో సన్న ట్యూబుల కట్ట ఉంటుంది, అదే బండిల్. ట్యూబుల లోపల సముద్రపు నీళ్లు, బయట ఇంజిన్ మంచినీళ్లు పోతాయి. అంటే కూలర్ లోపల ట్యూబులకి చిల్లులు పడ్డాయన్నమాట.

బండిల్ కోసం మూడు షాపులు తిరిగాను. ఈ మోడల్ సామాను ఇప్పుడు రావట్లేదన్నారు. మా మెకానిక్ అయితే కూలర్ తీసి పక్కన పెట్టి, సముద్రపు నీళ్లు నేరుగా బ్లాకులోకి ఇచ్చేద్దాం అంటున్నాడు. నాన్న సగం ఒప్పుకున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఇంజిన్ ఇంకా గట్టిగా ఉంది, ఒక్క కూలర్ కోసం దాన్ని పాడు చేసుకోలేను. బండిల్ దొరికే దారి ఎవరికైనా తెలుసా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

రిటైర్డ్ ఇంజిన్ రూమ్:

తమ్ముడూ, ఉప్పునీళ్లు బ్లాకులోకి పోనివ్వకు. ముప్పై ఏళ్లు ఓడల్లో ఇంజిన్ల దగ్గరే పనిచేశాను. సముద్రపు నీళ్లు 55, 60 డిగ్రీలు దాటితే ఉప్పూ సున్నమూ లైనర్ల (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టాల) చుట్టూ పేరుకుంటాయి. మీ ఇంజిన్ నడిచేదే 80 దగ్గర. గేజీలో వేడి మామూలుగానే కనిపిస్తుంది, లోపల లైనర్ మాత్రం మాడుతుంటుంది. పోత ఇనుము బ్లాకు తుప్పు పట్టి పెచ్చులూడుతుంది.

కొత్తది వెతికే ముందు ఎన్ని ట్యూబులు పోయాయో చూడు. మూతలు విప్పగానే బండిల్ ఏ వైపు పైకి ఉందో షెల్ (కూలర్ బయటి డొప్ప) మీదా ప్లేటు (ట్యూబుల చివరలు బిగించిన పలక) మీదా సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టు. మంచినీళ్ల దారులు రెండూ రబ్బరు పెట్టి బిగించి, ఒకదాంట్లోంచి గాలి ఎక్కించు, 15 పీఎస్ఐ చాలు. ఓ రింగులు (నీళ్లు కారకుండా వేసే రబ్బరు వలయాలు) జారకుండా ప్లేట్లని పట్టీలతో నొక్కి ఉంచాలి. నీళ్ల డ్రమ్ములో ముంచితే చిల్లుపడ్డ ట్యూబు నోట్లోంచి బుడగలు వస్తాయి. ఒకటీ రెండే అయితే రెండు చివరలా ఇత్తడి బిరడాలు కొట్టి మూసేయొచ్చు. పదో వంతు దాటితే ఆ పని వద్దు, వేడి దిగదు. ఇనుప బిరడాలు, అల్యూమినియం బిరడాలు అసలు వద్దు, ఉప్పునీళ్లలో అవే ముందు తినేసుకుపోతాయి.

కాకినాడ వల:

అన్నా, మూడేళ్ల కిందట మా బోటుకీ ఇదే వచ్చింది. మోడల్ నంబరు చెప్పి అడిగితే ఎవరైనా లేదనే అంటారు. పాత బండిల్ సంచిలో వేసుకుని తీసుకెళ్లు. మేం చివరికి ట్యూబులు మాత్రమే మార్పించాం. పాత ప్లేట్లు, మధ్యలో ఉండే అడ్డ పలకలు అవే ఉంచి, అదే సైజు కుప్రోనికల్ ట్యూబులు వేయించాం, 90/10 రకం, అంటే తొంభై పాళ్లు రాగి, పది పాళ్లు నికెల్ కలిపిన లోహం. ఉత్త రాగి ట్యూబులు చవగ్గా వస్తాయంటారు, ఒప్పుకోవద్దు. ఉప్పునీళ్ల వేగానికి రాగి తొందరగా అరిగిపోతుంది.

జాలారిపేట బోటు:

గురువుగారూ, తమ్ముడూ, ఇద్దరికీ దణ్ణం. నిన్న డ్రమ్ములో ముంచి చూశాం. పదకొండు ట్యూబుల్లోంచి బుడగలు వచ్చాయి, పదో వంతు దాటిపోయింది. చిల్లులన్నీ ఉప్పునీళ్లు వచ్చి కొట్టే వైపే. ఒక ట్యూబు మూతిని గోటితో నొక్కితే కాగితంలా లోపలికి ముడుచుకుపోయింది. ఇంకో నాలుగైదు ట్యూబుల్లో నల్లగా ఏదో అడ్డుపడి ఉంటే వెదురు పుల్లతో పొడిచాను. రబ్బరు ముక్కలు. పోయినేడాది సముద్రపు నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, రెక్కలు ఊడిపోతే కొత్తది వేశాం, ఊడిన ముక్కలు ఎటు పోయాయని ఎవరం ఆలోచించలేదు. కొన్ని దారులు మూసుకుపోయి, మిగతా ట్యూబుల్లో నీళ్లు ఉరవడిగా పోయి అరగదీసినట్టున్నాయి. లోహాన్ని ఉప్పునీళ్లు తినకుండా తాను ముందు కరిగిపోవడానికి పెట్టే జింక్ ప్లగ్ విప్పితే చేతికి ఇత్తడి మర ఒక్కటే వచ్చింది, జింకు జాడే లేదు.

నాన్న ఆ ట్యూబు మూతి చేత్తో తడిమి చూసి, బ్లాకులోకి ఉప్పునీళ్ల మాట ఇక ఎత్తొద్దని మెకానిక్‌కి చెప్పేశారు. బండిల్ గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపుకి ఇచ్చాను, కుప్రోనికల్ ట్యూబులే వేస్తామన్నారు. కొత్త ఓ రింగులకి గ్రీజు రాయాలా?

రిటైర్డ్ ఇంజిన్ రూమ్:

ఏ రబ్బరో తెలియనప్పుడు గ్రీజు వద్దు, కొన్ని ఉబ్బిపోతాయి. సబ్బునీళ్లు చాలు. బ్లాకులోకి ఉప్పు వెళ్లింది కాబట్టి ముందు మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడుగు. కూలర్ బిగించాక మంచినీళ్ల వైపు మాత్రమే నింపి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున మట్టం దిగకపోతేనే సముద్రపు నీళ్ల వాల్వు తెరువు.