అల పెద్దది రాలేదు, మరి హెచ్చరిక అతి చేసినట్టేనా?

బేరివీధి

2025 జూలై 30న, మన టైం ప్రకారం ఉదయం ఐదు కావస్తుండగా రష్యాలోని కమ్చాట్కా తీరంలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. సునామీ రావచ్చని జపాన్‌లో దాదాపు 20 లక్షల మందిని ఎత్తైన చోట్లకు పొమ్మన్నారు. హవాయిలో సైరన్లు మోగాయి. చిలీలో తీరం పొడవునా 14 లక్షల మందిని కదిలించారు. చివరికి జపాన్‌లోని కుజి రేవులో 1.3 మీటర్లు, హవాయిలో 1.7 మీటర్ల దాకా నీళ్లు లేచి తగ్గిపోయాయి. ఇండియాకు ముప్పు లేదని హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ ముందే చెప్పేసింది.

ఆ సాయంత్రం నుంచి మా వీధిలో, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒకటే మాట వింటున్నా. "అంత గోల చేశారు, ఏమొచ్చింది?" అని. నాకు ఆ మాట మింగుడుపడడం లేదు. మా చెల్లెలి కుటుంబం హవాయిలోని హొనొలులులో ఉంటుంది. అమ్మ ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటేదాకా అన్నం ముట్టలేదు, ఫోన్ చేతిలోంచి దించలేదు. అలాంటి రోజు ఇంకోసారి వచ్చినా సరే, హెచ్చరిక మాత్రం రావాల్సిందే అంటాను. అల రాలేదు కాబట్టి చెప్పినవాళ్లది తప్పు అనేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే కారణం చెప్పండి. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

గాంధీరోడ్డు

నేనున్నా. తప్పు అనను, అతి అంటాను.

లక్షల మందిని రోడ్డు మీదికి తేవడం ఖర్చు లేని పని కాదన్నా. జపాన్‌లో ఎత్తుకు పోదామని కారులో బయల్దేరిన ఒకావిడ లోయలో పడి చనిపోయారు. నీళ్లు ఎవరినీ చంపని చోట హెచ్చరికే ఒక ప్రాణం తీసింది. ఆసుపత్రుల్లో ఉన్న ముసలివాళ్లను కదిలించాలి, రైళ్లు ఆపాలి, రేవులు మూయాలి. ఆ రోజు కూలి పోయినవాడికి ఎవరిస్తారు?

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. రెండుసార్లు పరిగెత్తించి ఏమీ రాకపోతే మూడోసారి మనిషి లేవడు. అందుకే కాస్త తేలాక, ఎక్కడ ఎంత వస్తుందో లెక్క తెలిశాక, ఆ చోటికి మాత్రమే చెప్పాలన్నది నా వాదన.

చంద్రగిరి మాస్టారు

గాంధీరోడ్డు గారూ, ఆ కథలో పిల్లవాడు లేని పులిని చూపించాడు. ఇక్కడ పులి నిజంగానే అడవి దాటింది. కమ్చాట్కాకు దగ్గర్లోనే ఉన్న సెవెరో-కురిల్స్క్ ఊరి రేవు మునిగింది. జనం అప్పటికే గుట్ట ఎక్కారు కాబట్టి ప్రాణాలు పోలేదు. ఇదే ఊరు 1952లో, ఇదే తీరంలో వచ్చిన 9.0 భూకంపానికి కొట్టుకుపోయింది. రెండు వేల మందికి పైగా పోయారు. అప్పుడు ముందుగా చెప్పే ఏర్పాటే లేదు.

ఇక "తేలాక చెప్పాలి" అన్నారు. ఇబ్బంది అక్కడే. భూమి ఎంత పొడవున చీలిందో, సముద్రం అడుగు ఎంత లేచిందో మొదటి నిమిషాల్లో తెలియదు. చీలడం పూర్తి కావడానికే నిమిషాలు పడుతుంది. తీవ్రతను మొదట తక్కువగా లెక్కేసే ప్రమాదం పెద్ద భూకంపాల్లోనే ఎక్కువ.

2011 మార్చి 11న జపాన్‌లో జరిగింది అదే. మూడు నిమిషాల్లోనే హెచ్చరిక ఇచ్చారు. కానీ తీవ్రత 7.9 అని లెక్కేశారు. ఇవాతే తీరానికి మూడు మీటర్ల అల అన్నారు. మూడు మీటర్లేగా, ఒడ్డున గోడ ఉంది కదా అని ఆగినవాళ్లున్నారు. అసలు తీవ్రత 9.0. అరగంట కావస్తుండగా అంకె పెంచారు గానీ, అప్పటికే కరెంటు పోయి టీవీలు ఆగిపోయిన చోట్లకు ఆ కబురు చేరలేదు. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 18 వేల పైమాటే. ఆ దెబ్బతో 2013 నుంచి వాళ్లు పద్ధతి మార్చుకున్నారు. 8 దాటిన భూకంపం అనిపిస్తే మొదటి హెచ్చరికలో మీటర్లు చెప్పరు, భారీ అల అని మాత్రమే అంటారు. తక్కువ చెప్పి చంపుకోవడం కంటే ఎక్కువ చెప్పి కూర్చోబెట్టడం మేలని అనుభవించి నేర్చుకున్న దేశం అది.

పలమనేరు

మనకు సముద్రమే లేదు, ఈ చర్చ మనకెందుకు సార్? కొండల మధ్య ఉండేవాళ్లం.

బేరివీధి

పలమనేరుకు లేదు తమ్ముడూ, తిరుపతి జిల్లాకు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు ఇటే వచ్చాయి. శ్రీహరికోట మన జిల్లాలోనిదే. ఆదివారం వస్తే తూపిలిపాలెం బీచ్‌లో దిగే కార్లలో సగం తిరుపతివే.

తూపిలి తీరం

ఈ చర్చ మావాడొకడు పంపిస్తే చూస్తా ఉండా. మాది సముద్రం ఒడ్డు. పెద్ద చదువులు కాదు, తప్పుగా రాస్తే సర్దుకోండి.

2004 డిసెంబరు 26 ఆదివారం, పున్నమి. సుమత్రాలో పొద్దున ఆరున్నరకి భూమి కదిలిందంట. మాకు తెలీదు. మా నాయన, మా చిన్నాయన ఒడ్డున కూర్చోని వల అల్లుకుంటా ఉండారు. తొమ్మిది దగ్గర దగ్గర నీళ్లు మామూలుగా ఆగే కాడ ఆగలేదు. తుఫాను అల మాదిరి విరిగి పడలేదు, ఏరు పొంగినట్టు లోపలికి వచ్చేసింది. కట్టేసిన పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోని పలకలు లేచిపోయినాయి. వల మొత్తం సుడి తిరిగి ముళ్లకంపకు చుట్టుకుంది. దాన్ని కోసి తీయాల్సొచ్చింది, మళ్లీ పనికి రాలా. మనుషులం బతికినాం. వేరే చోట్ల బతకలా. రెండు గంటల పైన టైం ఉండింది సార్ ఆ పొద్దు. ఒక్క ఫోన్ వచ్చుంటే చాలు.

ఇప్పుడు 2012 ఏప్రిల్ 11 చెప్తా. మళ్లీ సుమత్రా వైపే, 8.6. ఈసారి కబురొచ్చింది. ముసిలోళ్లని మోసుకోని తుఫాను షెల్టర్‌కి పోతిమి. పొయ్యి మీద కూర దించి పెట్టి వచ్చినోళ్లు ఉండారు. రెండు గంటలకి ఇంకో భూకంపం అన్నారు. చీకటి పడింది. అల రాలా. కానీ "అయిపోయింది, ఇంక ఇండ్లకు పోండి" అని మాకు ఎవురూ చెప్పలా. ఒకడు తగ్గిందంటాడు, ఇంకొకడు రాత్రికి వస్తాదంటాడు. పిలకాయలు ఆకలికి ఏడుస్తుంటే ఎవురికి వాళ్లే లేచి వచ్చేసినాం. వచ్చి చూస్తే ఒక పడవ ఇంజను లేదు.

ఆ పొద్దు నుంచి మా కాడ మాట మారిపోయింది. "పిలుస్తారు, కూర్చోబెడతారు, మర్చిపోతారు" అంటారు. గాంధీరోడ్డు అన్న నాన్నా పులి అన్నాడు కదా. అల రాలేదని మేము కోపపడలా. అల రాకపోతే సంతోషమే కదనా. పిలిచినోళ్లు మళ్లీ వచ్చి చెప్పలేదని నమ్మకం పోయింది.

గాంధీరోడ్డు

అన్నా, మీరు చెప్పినదానికి ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఒకటి గమనించండి, 2012లో మీరు నష్టపోయింది కూడా రాని అల వల్లే.

మాస్టారూ, 8.6 వచ్చినా అల ఎందుకు రాలేదు? అది ముందే కనుక్కునే దారి ఉంటే తీరం మొత్తాన్ని లేపాల్సిన పని ఉండదు కదా?

చంద్రగిరి మాస్టారు

మంచి ప్రశ్న. 2004లో సముద్రం అడుగు పైకి లేచింది, దాని మీదున్న నీళ్లన్నీ లేచాయి. 2012లో భూమి పలకలు పక్కకు జరిగాయి. అడుగు పెద్దగా లేవలేదు, నీళ్లూ లేవలేదు. ఏ రకంగా కదిలిందో భూకంప తరంగాల లెక్క బట్టి తెలుస్తుంది, దానికి కొంత టైం పడుతుంది. నీళ్లు నిజంగా కదిలాయా లేదా అన్నది బంగాళాఖాతం అడుగున పెట్టిన, నీటి పీడనం కొలిచే యంత్రాలు, తీరాల్లోని నీటిమట్టం గేజీలు చెప్పాలి. అల వాటిని దాటితేనే అవి చెబుతాయి.

మన ఇన్‌కాయిస్ కేంద్రం 2007 అక్టోబరు 15 నుంచి ఈ పని చేస్తోంది. మీరు అడిగిన తేడాలు అందులో ఉన్నాయి. వార్నింగ్ అంటే ఖాళీ చేయాలి. అలర్ట్ అంటే బీచ్ వదిలి వెనక్కి రావాలి. వాచ్ అంటే కదలక్కర్లేదు, తర్వాతి కబురు కోసం చూడాలి. తీరం మొత్తానికి ఒకే మాట చెప్పరు. ప్రాంతాన్ని బట్టి స్థాయి ఇస్తారు, కొలతలు వచ్చేకొద్దీ మారుస్తారు. హైదరాబాద్‌లో ఇంత వివరంగా ఉన్నది ఊరి చివరికి వచ్చేసరికి "సునామీ అంట" అనే రెండు మాటలుగా మిగులుతోంది. తూపిలి తమ్ముడు చెప్పింది దాని గురించే.

ఓహూ నుంచి

నేను బేరివీధి వాళ్ల చెల్లెల్ని. అన్నయ్య పంపితే చదివాను.

ఇక్కడ మధ్యాహ్నం ఫోన్ మోగింది. మొదటి అల రాత్రి ఏడు తర్వాత అని టైం కూడా ఇచ్చారు. అందరూ ఒకేసారి కార్లు తీయడంతో రోడ్లు బిగుసుకుపోయాయి. గాంధీరోడ్డు గారు చెప్పిన ఇబ్బంది అబద్ధం కాదు. మేము కారు తీయలేదు. పది అంతస్తులు, అంతకు మించిన కాంక్రీటు భవనాల్లో ఉన్నవాళ్లు నాలుగో అంతస్తుకో, ఇంకా పైకో వెళితే చాలని ఇక్కడి నియమం. పిల్లలకు చపాతీలు కట్టుకుని పక్క భవనం మెట్లెక్కాం. రాత్రి పదకొండు కాకముందే స్థాయి తగ్గించినట్టు అదే ఫోన్‌కు మళ్లీ కబురొచ్చింది. అది చదివాకే అమ్మకు ఫోన్ చేశాను.

ఈ రాష్ట్రం ఇంత గట్టిగా చేయడానికి కారణం ఉంది. 1960లో చిలీలో 9.5 భూకంపం వచ్చినప్పుడు హిలో పట్నంలో రాత్రి ఎనిమిదిన్నరకే సైరన్లు మోగాయి. అల రావడానికి అర్ధరాత్రి దాటింది. మొదటి అలలు చిన్నవే. చూద్దామని ఆగినవాళ్లు, ఇంతేలే అని తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. ఒంటి గంట దాటాక వచ్చిన అల 61 మందిని తీసుకుపోయింది. సైరన్ మోగింది గానీ, మోగితే ఏం చేయాలో, ఎప్పటిదాకా ఆగాలో జనానికి ఒక్క తీరుగా తెలియదు.

పలమనేరు

2023లో పరీక్ష కోసమని ఫోన్లన్నీ ఒక్కసారి గట్టిగా మోగాయి గుర్తుందా? మా అమ్మ భయపడి ఫోన్ మంచం మీద పడేసింది. అదే పద్ధతిలో సునామీకి కూడా పంపొచ్చు కదా సార్? "అయిపోయింది, వెళ్లొచ్చు" అన్నది కూడా అట్లే మోగించాలి.

చంద్రగిరి మాస్టారు

పంపొచ్చు. ఆ ఏర్పాటు ఉన్నది అందుకే. అయితే ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పులికాట్‌లో ఇరకం దీవికి పడవ మీదే పోవాలి. శ్రీహరికోట అడ్డం ఉంది కాబట్టి వాళ్లకు అల నేరుగా తగలకపోవచ్చు. కానీ భయంతో వంద మంది ఒకే పడవ ఎక్కితే అదే ప్రమాదం. అక్కడివాళ్లకు "కదలొద్దు" అని చెప్పడం కూడా హెచ్చరికలో భాగమే. సిగ్నల్ లేని చోట గుడి మైకో, మసీదు మైకో, చర్చి మైకో ఉండాలి. దాన్ని పట్టుకునే మనిషి ఎవరో ముందే పేరు రాసి ఉండాలి.

ఒడిశాలో వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు తీర గ్రామాలు ఇలాంటివన్నీ సిద్ధం చేసుకుని 2020లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. పెద్ద ఊర్లేమీ కావు. ఎటు పరిగెత్తాలో బోర్డులు పెట్టుకున్నారు, ఏడాదికేడాది పరుగు సాధన చేస్తారు. మన వాకాడు తీరానికి అది అందని పనేం కాదు.

గాంధీరోడ్డు

నా మాట పూర్తిగా మార్చుకోలేదు. స్థాయిలు తేడా లేకుండా టీవీలన్నీ "ముంచుకొస్తున్న ముప్పు" అని ఒకే బొమ్మ తిప్పితే, రేపు నిజంగా వార్నింగ్ వచ్చినప్పుడు దాన్ని ఎవరూ వేరుగా వినరు. ఆ రోజు మన తీరానికి ముప్పు లేదని ఇన్‌కాయిస్ చెప్పాక కూడా చెన్నై మునుగుతుందని నాకు నాలుగు చోట్ల నుంచి ఫార్వర్డ్ వచ్చింది. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే. నా కోపం సగం వాళ్ల మీద.

కానీ ఒకటి ఒప్పుకుంటా. తక్కువ మందికి చెప్పాలి అన్నాను, మాస్టారు 2011 లెక్క చెప్పాక దాన్ని పట్టుకుని కూర్చోలేను. మొదటి గంటలో పరిధి పెద్దగానే ఉండాలి. ముగింపు కబురు మాత్రం ఖచ్చితంగా ఉండాలి. దాని మీద అర్జీ రాస్తే మొదటి సంతకం నాది.

బేరివీధి

అయితే రాద్దాం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. నేను ముసాయిదా పెడుతున్నా, దిద్దండి:

తీర గ్రామాల్లో సునామీ హెచ్చరిక ఎత్తేసినప్పుడు, హెచ్చరిక ఇచ్చిన మనిషే అదే మైకులో, అదే షెల్టర్‌లో ఆ సంగతి చెప్పాలి. జనం షెల్టర్‌లో ఉన్నంతసేపు పడవల కాడ కాపలా పెట్టాలి. వార్నింగ్, అలర్ట్, వాచ్ అంటే ఏం చేయాలో తెలుగులో బోర్డు రాసి తూపిలిపాలెం బీచ్ దారిలో పెట్టాలి.

తూపిలి తీరం

కాపలా మాట రాసినారే, అది చాలన్నా. ఇంకొకటి కలపండి. షెల్టర్ తాళం ఎవురి కాడ ఉంటాదో రాసి గోడకు అంటించాలి. పోయినసారి తుఫానుకి తాళం కోసం వెతుక్కుంటా వానలో నిలబడినాం.

సోమవారం నేను వస్తా. ఊర్నించి మా చిన్నాయన్ని కూడా పిలుచుకోనొస్తా, 2004 సంగతి ఆయన నోటితో చెప్తే వింటారు. పది గంటలకి గేటు కాడ ఉంటాం.