పందుల దాణాలో సోయా రకం మారితే శక్తి మారుతుందా?

ప్రశ్న:
కామారెడ్డి జిల్లాలో నలభై పందులను పెంచుతున్నాను. మా పొలంలో జేఎస్ 335 రకం సోయా పండుతుంది. పక్క రైతు ఎన్‌ఆర్‌సీ 127 వేశారు. అందులో కునిట్జ్ ట్రిప్సిన్ నిరోధకం (ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం) ఉండదు కనుక పచ్చి గింజనే పెట్టవచ్చని, శక్తి కూడా ఎక్కువేనని ఆయన అంటున్నారు. నిజమేనా?

జవాబు:
శక్తిని తేల్చేది రకం పేరు కాదు, గింజలో మిగిలిన నూనె. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 పట్టికల ప్రకారం కిలోకు నికర శక్తి (అరుగుదల ఖర్చులు పోను పందికి మిగిలేది) నూనె తీయని సోయా గింజలో సుమారు 2,870, మొక్కజొన్నలో 2,670, పొట్టు, నూనె తీసిన సోయా చెక్కలో 2,090 కిలో కేలరీలు. జీర్ణమయ్యే శక్తి (పేడలో పోయింది మాత్రమే తీసేసినది) లెక్కలో మాత్రం చెక్కే మొక్కజొన్నను మించుతుంది. ఈ తిరకాసుకు కారణం ప్రోటీన్: అవసరానికి మించినది విడిపోయి, దాని నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది, ఆ పనికి కూడా శక్తి ఖర్చవుతుంది. కనుక ప్రోటీన్ ఎక్కువున్న రకం దొరికితే చెక్క మోతాదు తగ్గించుకోవచ్చు గానీ, దాన్ని శక్తి కోసం కొనడం దండగ.

మరొక జవాబు:
ఎన్‌ఆర్‌సీ 127లో కునిట్జ్ నిరోధకం లేకపోయినా అలాంటిదే అయిన బౌమన్–బిర్క్ నిరోధకం, పేగుకు హాని చేసే లెక్టిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. కనుక వేయించక తప్పదు, కాకపోతే కొంత తక్కువ వేడి సరిపోవచ్చు. వేయించిన గింజ పొడిపై యూరియా కలిపిన ఫినాల్ రెడ్ (పచ్చి గింజలోని ఎంజైము యూరియాను విడగొడితే ఎర్రబడే రంగు) ద్రావణం పోసి చూడండి: పొడి అంతా ఎర్రబడితే పచ్చిగా ఉన్నట్టు, అక్కడక్కడ ఎర్రచుక్కలు వస్తే సరిపోయినట్టు, ఒక్క చుక్కా రాకపోతే మాడి లైసిన్ (పందికి అవసరమైన అమైనో ఆమ్లం) దెబ్బతిన్నదని అనుమానించాలి.

ప్రశ్న అడిగినవారు:
పోయినేడు ఇనుప మూకుడులో వేయించినప్పుడు పొట్టు నల్లబడింది, గింజ చీల్చి చూస్తే లోపల పచ్చివాసన పోలేదు. తప్పు రకానిది అనుకున్నాను. పాలు మాన్పించిన పిల్లలకు కూడా ఇదే పెట్టవచ్చా?

జవాబు:
వాటికి తక్కువగానే పెట్టండి. సోయాలోని స్టాకియోజ్, రాఫినోజ్ చక్కెరలను విడగొట్టే ఎంజైము పందికి లేదు, వేయించినా అవి పోవు. పెద్దపేగులో పులిసి పిల్లలకు పారుడు తెస్తాయి. అమ్మకానికి సిద్ధమయ్యే పందులకు కూడా దాణాలో గింజ పది శాతం దాటనివ్వకండి, సోయా నూనె వల్ల కొవ్వు మెత్తబడి కోతలో జారిపోతుంది, మాంసం దుకాణం వారు ధర తగ్గిస్తారు.