అప్‌డేట్: 256 జీబీ మెమరీ ఉన్న సర్వర్ కొనలేదు, 64 జీబీతోనే నడుస్తోంది

సప్లై చైన్ ప్లానింగ్ మోడల్ మధ్యలో మెమరీ చాలక ఆగిపోతోంది, పెద్ద సర్వర్ కొనాలా అని అడిగాను కదా. ముందు లెక్క వేసి చూడమన్నవాళ్లకి చాలా థాంక్స్.

5,000 వస్తువులు, 40 గోదాములు, 52 వారాలు అంటే 1.04 కోట్ల వేరియబుల్స్ (మోడల్ తేల్చాల్సిన అంకెలు). ఒక్కోటి మూడు షరతుల్లో ఉందనుకుని, ఎంట్రీకి 12 బైట్లు (విలువకి 8, స్థానానికి 4) వేసుకున్నా మ్యాట్రిక్స్ (ఆ షరతుల పట్టిక) 400 ఎంబీ కూడా దాటదు. మరి మిగతాదంతా ఏమవుతోంది? కొంత పైథాన్ తింటోంది, ప్రతి వేరియబుల్‌నీ విడి ఆబ్జెక్ట్‌గా పెట్టుకుంటుంది కాబట్టి. అసలు తిండిపోతు మాత్రం సాల్వరే (మోడల్‌కి జవాబు వెతికే సాఫ్ట్‌వేర్, మాది గురోబీ): మొదటి ఎల్‌పీని (పూర్ణాంకాలే రావాలన్న షరతు పక్కన పెట్టిన సులువు లెక్కని) ఒకేసారి రెండు మూడు పద్ధతుల్లో పరిగెత్తిస్తూ ఒక్కోదానికీ మోడల్ కాపీ చేసుకుంటుంది, పైగా వాటిలో ఒకటైన బ్యారియర్ పద్ధతిలో ఫ్యాక్టరైజేషన్ (మ్యాట్రిక్స్‌ని విడగొట్టడం) చేసేటప్పుడు సున్నాలున్న చోట కొత్త అంకెలు పుట్టుకొచ్చి మెమరీ ఉబ్బిపోతుంది.

అందుకని ఏ గోదాములో ఏ వస్తువు అసలు ఉంచరో చూసి, ఆ జతలకి వేరియబుల్స్ సృష్టించడమే మానేశాం. ఎక్కువ తేడా దీనివల్లే వచ్చింది. సాల్వర్‌ని డ్యూయల్ సింప్లెక్స్ అనే పద్ధతి ఒక్కటే వాడమన్నాం, థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) తగ్గించాం, గురోబీలో నోడ్‌ఫైల్‌స్టార్ట్ అనే సెట్టింగ్ పెట్టి బ్రాంచ్ అండ్ బౌండ్ నోడ్లని (లెక్కని చిన్న ముక్కలుగా చీల్చి వెతికేటప్పుడు పుట్టే ముక్కల్ని) డిస్క్‌కి పంపాం. కాస్త నెమ్మదించింది, కానీ రాత్రిపూట నడిచేదానికి ఎవరికి తొందర?

అప్పుడప్పుడు వచ్చే పెద్ద సినారియోలకి క్లౌడ్‌లో ఎక్కువ మెమరీ ఉన్న మెషీన్ గంటల లెక్కన అద్దెకి తీసుకుంటున్నాం. అద్దెకి తీసుకునే ముందు సాల్వర్ లైసెన్స్ చూసుకోండి, కొన్ని ఒకే మెషీన్‌కి కట్టేసి ఉంటాయి.