తొక్కితే ఒక్క క్షణం పట్టేస్తున్న బండి: ఇంజెక్టర్లు క్లీన్ చేయించాలా, ట్యాంకు దించాలా?

బెజవాడ_హాచ్‌బ్యాక్
2015 మోడల్ పెట్రోల్ బండి, 1.2 లీటర్ ఇంజన్, 81,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా ఒకటే బాధ. నిలబెట్టి ఉంటే ఇంజన్ చక్కగా ఆడుతుంది. 60లో నిలకడగా పోతే ఏ తేడా లేదు. లారీని దాటుదామని మూడో గేరులో గట్టిగా తొక్కితే మాత్రం ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత వెనక నుంచి తోసినట్టు దూకుతుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. మొన్న పిల్లలు బండిలో ఉండగా, ఎదురుగా బస్సు వస్తుంటే ఇదే జరిగింది. అప్పటి నుంచి ఎవరినైనా దాటాలంటే టెన్షన్.

మొదటి షెడ్డులో నాలుగు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. తేడా లేదు. రెండో షెడ్డులో ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మేవి), థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి పోయే దారి), ట్యాంకు అన్నీ క్లీన్ చేయాలి, 6,500 అవుతుందన్నారు. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. నేను ఎప్పుడూ 500 చొప్పున పోయిస్తాను, ముల్లు రిజర్వు దగ్గరే ఉంటుంది. అడిగేవి మూడు: ట్యాంకులో పోసే క్లీనర్ బాటిల్ పనిచేస్తుందా? ఇంజెక్టర్లు విప్పించాలా? ట్యాంకు దించడం అవసరమా?

ఘాట్‌రోడ్_గిరి
థ్రాటిల్ బాడీ చూడండి ముందు. నాది దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతుంటే అచ్చం ఇలాగే పట్టేసేది. గొట్టం విప్పి చూస్తే లోపల గాలిని ఆపి వదిలే రేకు చుట్టూ నల్లటి జిగురు, వేలితో గీస్తే మందంగా వచ్చింది. క్లీనర్ స్ప్రే, మెత్తటి గుడ్డ, ఇరవై నిమిషాల పని. రేకును చేత్తో బలవంతంగా తిప్పకండి, దాన్ని తిప్పే మోటారు పాడవుతుంది. పెట్టిన తర్వాత మొదటి రోజు ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వేగం) పైకీ కిందికీ పోతుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మళ్లీ నేర్చుకునేదాకా అంతే. భయపడక్కర్లేదు. పోయిన కార్తీకంలో అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని అదే ఘాటు ఎక్కాను, ఒక్కసారి కూడా తడబడలేదు.

పాతబండి_ప్రేమి
రిజర్వు మీద నడుపుతాను అని మీరే రాశారు. రోగం అక్కడే ఉంది. అడుగున చేరిన తుప్పు, నీళ్లు, మట్టి అంతా పంపులోకి పోతుంది. నా 2009 బైకు కరోనా లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు కదల్లేదు. తర్వాత స్టార్ట్ అయ్యేది కానీ యాక్సిలరేటర్ తిప్పగానే గొంతు పట్టేసినట్టు ఆగిపోయేది. కార్బ్యురేటర్ (పాత బళ్లలో పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) విప్పితే పైలట్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) పూర్తిగా మూసుకుపోయింది, అడుగు గిన్నెలో పచ్చగా జిగురు. పెట్రోలు ఆరిపోతే మిగిలేది అదే. జెట్టును సూదితో పొడవకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదయితే మిక్చర్ ఎప్పటికీ సరిపడదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి. మా నాన్న బండి ట్యాంకు సగం కంటే కిందికి ఎప్పుడూ పోనిచ్చేవారు కాదు. ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది.

ఈసీయూ_22ఏళ్లు
ఇంజెక్షన్ బళ్ల మీద 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను, రోజుకు నాలుగైదు చూస్తాను. రిజర్వు మాట తప్పు, దయచేసి అతనికి అది ఎక్కించకండి. కారులో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పీల్చేది ఎప్పుడూ అడుగు నుంచే. ట్యాంకు నిండుగా ఉన్నా అడుగు నుంచే, రిజర్వులో ఉన్నా అడుగు నుంచే. చెత్త ఉంటే మొదటి రోజు నుంచీ పోతూనే ఉంటుంది, దానికోసమే పంపు మూతికి జాలీ ఉంటుంది. రిజర్వు మీద నడపడంలో నష్టం వేరే: పంపు మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అది తగ్గితే మోటారు వేడెక్కి త్వరగా అరుగుతుంది.

థ్రాటిల్ బాడీ మురికైతే ఎక్కువగా ఐడిల్‌లో, చిన్నగా తొక్కినప్పుడు తెలుస్తుంది. ఇతనికి గట్టిగా తొక్కినప్పుడే వస్తోంది. ఏదీ విప్పే ముందు ఫ్యూయల్ ప్రెషర్, అంటే పంపు నుంచి పెట్రోలు వచ్చే ఒత్తిడి, కొలిపించాలి. ఈ తరహా బండికి మామూలుగా 3 బార్ (ఒత్తిడి కొలత) పైచిలుకు ఉండాలి.

పాతబండి_ప్రేమి
సార్, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ నేను కళ్లతో చూసింది తప్పంటే ఎలా? బైకు ట్యాంకు కింద కుళాయి ఉంటుంది. 'ఆన్'లో పెడితే పెట్రోలు పైకి నిలబడిన గొట్టం నుంచి దిగుతుంది, 'రిజర్వు'లో పెడితే అడుగు రంధ్రం నుంచి దిగుతుంది. రెండేళ్లు 'ఆన్'లోనే తిప్పి ఒక్కసారి రిజర్వులో పెట్టిన రోజు దారిలోనే ఆగింది. గిన్నె కింద మర విప్పితే ముందు నీళ్లే వచ్చాయి.

ఈసీయూ_22ఏళ్లు
బైకు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కాదనలేదు. కానీ ఇక్కడ అడిగింది కారు గురించి. కారుకి కుళాయి లేదు, రెండు ఎత్తుల గొట్టాలు లేవు. ఒక బండి వైద్యం ఇంకో బండికి చేయడం వల్లే జనం డబ్బులు పోతున్నాయి.

పాతబండి_ప్రేమి
నేను ఎవరి డబ్బులూ పోగొట్టలేదు. అడుగున మురికి ఉంటుందన్నాను, ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ బండి ఊగినప్పుడు ఆ మురికి పైకి లేస్తుంది. నిండు ట్యాంకులో అంత లేవదు. దీనికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

హనుమకొండ_స్కూటర్
అన్నా, నాది 2018 స్కూటర్, కార్బ్యురేటర్ బండి. ఏడాదిగా సిగ్నల్ దగ్గర తిప్పగానే ఊపిరాడనట్టు ఆగుతుంది, అప్పుడు పికప్ వస్తుంది. రెండుసార్లు కార్బ్యురేటర్ క్లీన్ చేయించాను, నెల బాగుంటుంది, మళ్లీ అదే. ఈ20 (ఇరవై శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చిన తర్వాతే మొదలైంది. 2023 ఏప్రిల్ తర్వాతి బళ్లే దానికి తగ్గ రబ్బర్లతో వస్తున్నాయి, మరి మా పాత బళ్ల సంగతి ఎవరికి పట్టింది? బంకులో వేరే పెట్రోలు అడుగుదామంటే లేదు. జీతం చాలక కొత్త బండి కొనలేని వాళ్లం ఏం చేయాలి?

తణుకు_చెరకు
ప్రతిదానికీ ఎథనాల్‌ను అనడం మానండి. మా ఊళ్లో చెరకు రైతులు బిల్లుల కోసం ఎన్ని ఏళ్లు ఎదురుచూశారో నాకు తెలుసు. చెరకు నుంచి తీసే ఎథనాల్ కొనుగోలు వచ్చాక ఫ్యాక్టరీల చేతిలో డబ్బు ఆడుతోంది. నా కారు 2014ది, రెండేళ్లుగా అదే పెట్రోలు, ఏమీ కాలేదు.

హనుమకొండ_స్కూటర్
రైతుకు మేలు జరిగితే సంతోషమే. నా బండి ఎందుకు ఆగుతోందో చెప్పండి అన్నాను. మీ బండికి కాలేదు కాబట్టి నా బండికీ కాదు అనడం న్యాయం కాదు.

ఈసీయూ_22ఏళ్లు
ఇద్దరికీ చెబుతాను. ఎథనాల్‌లో శక్తి, అదే కొలత పెట్రోల్‌తో చూస్తే, సుమారు మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపితే దాదాపు ఏడు శాతం శక్తి తగ్గినట్టు. పైగా దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిక్చర్ పలచనవుతుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ అది పసిగట్టి ఈసీయూ ఇంకొంచెం పెట్రోలు పంపిస్తుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్టు సైజు ఎంతో అంతే. కాబట్టి తణుకు వారి కారు బాగుండటమూ నిజమే, స్కూటర్ తడబడటమూ నిజమే. ఇంకోటి, ఎథనాల్ మంచి ద్రావకం. పాత ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి పట్టిన జిగురును కరిగించి కిందికి తెస్తుంది. అది ఫిల్టర్‌లోనో జెట్టులోనో చేరుతుంది.

డల్లాస్_తెలుగు
ఇక్కడ పెట్రోలులో పది శాతం ఎథనాల్ ఎప్పటి నుంచో ఉంది, బళ్లు నడుస్తూనే ఉన్నాయి. క్లీనర్ బాటిల్ గురించి అడిగారు కదా, ఎవరూ జవాబు చెప్పలేదు. పాలీఈథర్ అమీన్ ఉన్నది చూసి కొనండి. ఇంజెక్టర్ మూతి మీద మసిని తీసే గుణం దానికి ఉంది. నాకు ఒక బాటిల్‌తోనే ఐడిల్ వణుకు పోయింది. ఇక్కడ 2004 నుంచి 'టాప్ టియర్' అనే పెట్రోలు ప్రమాణం ఉంది, అందులో డిటర్జెంట్ మోతాదు ఎక్కువ. డైరెక్ట్ ఇంజెక్షన్ బండి అయితే మాత్రం వాల్వుల మసి కోసం బాటిల్ మీద డబ్బు పెట్టకండి. అందులో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, వాల్వుల వెనక భాగానికి తగలదు. అక్కడ పట్టిన మసిని వాల్‌నట్ పెంకుల పొడి కొట్టి తీస్తారు. నేను చేయించాను, బండి కొత్తదైనట్టుంది.

గుంటూరు_మిర్చి
బాటిల్ కంటే ప్రీమియం పెట్రోలు నాలుగు ట్యాంకులు పోయించండి, ఆక్టేన్ ఎక్కువ, అదే కడిగేస్తుంది.

ఈసీయూ_22ఏళ్లు
ఆక్టేన్‌కూ కడగడానికీ సంబంధం లేదు. ఆక్టేన్ అంటే నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ టకటకలాడటం) రాకుండా తట్టుకునే శక్తి. కడిగేది డిటర్జెంట్.

ఆల్‌రౌండ్_అన్న
ఇంత చర్చ ఎందుకు, ట్యాంకులో పావు లీటరు థిన్నర్ పోయండి, హైవే మీద గట్టిగా తొక్కండి, అంతా కొట్టుకుపోతుంది. మా దగ్గర అందరూ ఇదే చేస్తారు.

ఒంగోలు_డీజిల్
అన్నా, ఆ మాట వెనక్కి తీసుకో. మా చిన్నాన్న ఆటోకి ఎవరో ఇలాగే చెప్పి పోయించారు. పదిహేను రోజుల్లో రబ్బరు పైపు ఉబ్బి, పగిలి, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారింది. మంట అంటుకోలేదు, దేవుడి దయ. అతను మూడు వారాలు సంపాదన లేకుండా కూర్చున్నాడు. పిల్లల్ని ఎక్కించుకునే మనిషికి ఇది చెప్పే మాటేనా?

ఆల్‌రౌండ్_అన్న
నాకు పనిచేసింది చెప్పాను. ఇష్టం లేకపోతే వదిలేయండి, మీద పడటం దేనికి?

ఒంగోలు_డీజిల్
మీద పడతాను. ఇది అలాంటి విషయమే.

నాది డీజిల్ బండి, కిరాయికి తిప్పుతాను. మాకు తొక్కితే లాగకపోవడం అంటే ముందు చూసేది ఫిల్టర్ కింద నీళ్లు. వానాకాలంలో ఒకసారి బంకులో పోయించి పది కిలోమీటర్లు పోయానో లేదో పికప్ పోయింది. ఫిల్టర్ అడుగు మర వదిలితే అర గ్లాసు నీళ్లు. ఫిల్టర్ మార్చి, చేతి పంపుతో గాలి తీసేదాకా స్టార్ట్ కాలేదు. ఆ రోజు కిరాయి పోయింది. అప్పటి నుంచి పెద్ద వాన పడిన మర్నాడు పోయించను. పెట్రోలు వాళ్లు కూడా బంకులో ఫిల్టర్ పేపర్ అడగొచ్చు, అది మన హక్కు. ఒక్క చుక్క వేస్తే మరక లేకుండా ఆరిపోవాలి. సాంద్రత కూడా చూడండి, పెట్రోలుకు 15 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి.

గుంటూరు_మిర్చి
పేపర్ అడిగితే ఇస్తారా? నేను అడిగితే వెనక లైన్లో వాళ్లు హారన్ కొట్టారు.

ఒంగోలు_డీజిల్
కొట్టనివ్వండి. అయిదు లీటర్ల కొలత పాత్ర కూడా అడగొచ్చు.

బెజవాడ_హాచ్‌బ్యాక్
అందరికీ ధన్యవాదాలు. థిన్నర్ పోయలేదు. ముందు ఈసీయూలో అంకెలు చదివే బ్లూటూత్ స్కానర్ కొన్నాను. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ఐడిల్‌లో ప్లస్ 4, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ప్లస్ 19 చూపించింది. లోడు మీద పెట్రోలు చాలక ఈసీయూ అదనంగా పంపమంటోందని అర్థమైంది. సిలిండర్ మిస్ (మంట సరిగా అంటుకోకపోవడం) అవుతున్న కోడ్ ఏమీ లేదు.

నిన్న ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర ప్రెషర్ గేజి పెట్టించాను. పొడవాటి గొట్టంతో గేజిని అద్దం బయట వైపర్ కింద ఇరికించి రోడ్డు మీదికి తీశారు. నిలబడి ఉంటే 3 పైన ఉంది, మూడో గేరులో గట్టిగా తొక్కగానే 2 దాకా పడిపోయింది. సరిగ్గా అప్పుడే బండి పట్టేసింది. ఆ ముల్లు పడిపోవడం కళ్లతో చూశాక రెండు నెలల గుబులు సగం దిగింది.

ట్యాంకు దించలేదు, నా బండికి వెనక సీటు కింద మూత ఉంది. పంపు ఫ్యూజు పీకి ఇంజన్ ఆగేదాకా నడిపి ప్రెషర్ దించారు, బ్యాటరీ నెగెటివ్ విప్పారు, అప్పుడే పంపు బయటికి తీశారు. మూతి జాలీ నల్లగా, జిగురుగా, గట్టిపడి ఉంది. ట్యాంకు అడుగున పల్చటి పొర, గుడ్డతో తుడిచారు. జాలీ, ఫిల్టర్, మూత కింద రబ్బరు సీలు కొత్తవి వేశారు. ఇంజెక్టర్లు ముట్టుకోలేదు. మొత్తం 2,300. ఈ పొద్దున మంగళగిరి దాకా వెళ్లి వచ్చాను, మూడో గేరులో ఎక్కడ తొక్కినా లాగింది. ట్రిమ్ ప్లస్ 5 దగ్గర ఆగింది.

పాతబండి_ప్రేమి
చాలా సంతోషం. ట్యాంకు అడుగున పొర ఉందన్నారు కదా. నేను మొదటి నుంచీ చెప్పింది అదే.

ఈసీయూ_22ఏళ్లు
జాలీ పదేళ్ల నాటిది. నిండు ట్యాంకుతో తిప్పినా ఇంతే పట్టేది. పంపు మోటారు పాతదే కాబట్టి నెల తర్వాత ఇంకోసారి గేజి పెట్టించండి. మళ్లీ 2 దగ్గరికి పడితే మోటారే అరిగినట్టు.

ఘాట్‌రోడ్_గిరి
థ్రాటిల్ బాడీ కూడా ఒకసారి తుడిపించండి.

హనుమకొండ_స్కూటర్
బెజవాడ అన్నకు తీరింది, మంచిదే. నాది ఇంకా అలాగే ఉంది. రెండుసార్లు క్లీన్ చేసినా నెలకే ఎందుకు తిరిగొస్తోందో ఎవరూ చెప్పలేదు.

పాతబండి_ప్రేమి
తమ్ముడూ, కార్బ్యురేటర్ వదిలేసి ట్యాంకు నుంచి దాని దాకా వచ్చే దారి చూడు. పెట్రోలు పైపు లోపలి గోడ వేలితో రుద్దితే నల్లగా అంటుకుంటే ఆ రబ్బరే కరిగి జెట్టులోకి పోతోంది. పైపూ, దారిలో చిన్న ఫిల్టర్ ఉంటే అదీ మార్చి, అప్పుడు క్లీన్ చేయించు. కార్బ్యురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు ముక్క చిట్లిందేమో కూడా చూపించు, అక్కడ గాలి పట్టినా తిప్పగానే ఇలాగే ఆగుతుంది.

ఈసీయూ_22ఏళ్లు
ఈయన చెప్పినట్టే చేయండి. స్కూటర్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఆగుతోందా, వేడెక్కాకా? అది కూడా రాయండి.